మూత గట్టిగా ఉన్న డబ్బా

నేను ఎనిమిదో తరగతి వరకే చదివాను. కాకపోతే ఆ ఎనిమిదో తరగతిని మూడేళ్లపాటు క్షుణ్ణంగా చదివాను. అన్నేళ్లలో ఏ మాస్టారూ డబ్బా మీది సన్న అక్షరాలు చదవమని చెప్పలేదు గనక, ఇప్పుడు చెప్పబోయేదానిలో సగం తప్పు వాళ్లది. మిగతా సగం నా పొట్టది.

అప్పట్లో నేను మిషిగన్‌లోని నోవై ఊళ్లో ఒక ఇండియన్ రెస్టారెంట్‌లో వంటవాణ్ణి. మా ఆవిడ న్యూజెర్సీలో పిస్కాటవే దగ్గర ఒక ఆసుపత్రిలో నర్సు. ఆవిడ చదువు మీదే మేం ఈ దేశానికి వచ్చాం. రెండు సూట్‌కేసులూ, ఒక మొగుడూ ఆవిడ సామాను అని చర్చిలో నేనే చెప్పుకుని నవ్వించేవాణ్ణి. న్యూజెర్సీలో నాకు పని ఇచ్చిన ఓనరు మిషిగన్‌లో ఇంకో హోటలు తెరిచి, పెద్ద వంటవాడిగా వెళ్లమన్నాడు. బందరులో టిఫిన్ బండి మీద గరిటె తిప్పిన చేతికి 'పెద్ద' అన్న మాట మహా తియ్యగా తగిలింది. ఆవిడకి ఆసుపత్రి కాంట్రాక్టు ఇంకా ఏడాది పైన ఉంది. "వెళ్లండి, ఏడాదేగా," అంది. ఏడాది ఎంత పొడుగుంటుందో వెళ్లాక గానీ తెలియలేదు.

రోజూ మధ్యాహ్నం మూడున్నరకి, లంచ్ జనం వెళ్లిపోయాక, పార్కింగ్‌లో నా కారులో హీటర్ వేసుకుని కూర్చునేవాణ్ణి. ఆవిడకి అప్పుడే బ్రేక్. ఫోన్‌లో ముందు మైక్రోవేవ్ గంట వినిపించేది, ఆ తర్వాత ఆవిడ గొంతు.

"ఏం తింటున్నావ్?"

"మీరు వండనిది."

ముక్కూ మొహం తెలియని వందమందికి పొద్దున్నించి పప్పు వండి పెట్టి వచ్చేవాణ్ణి. అక్కడ ఆవిడ మొన్నటి అన్నం వేడి చేసుకుని తినేది. ముందు అద్దం మీద మంచు కరిగి జారుతుంటే, ఆవిడ నమిలే చప్పుడు వింటూ కూర్చునేవాణ్ణి. అదే మేం కలిసి చేసే భోజనం.

డిసెంబర్‌లో ఆసుపత్రివాళ్లు కాంట్రాక్టు ఇంకో రెండేళ్లు పొడిగిస్తామని కాగితం ఇచ్చారట.

"సంతకం పెట్టేశావా?" అన్నాను, సరదాగా అడిగినట్టు.

"ఇంకా లేదు. ఫిబ్రవరిలో వచ్చి ఐదు రోజులుంటాను. అక్కడెలా ఉందో చూసి అప్పుడు చెబుతా."

ఆ వారమే మా చర్చిలో తీసిన క్రిస్మస్ ఫోటో ఎవరో ఆవిడకి పంపారు. "పాస్టరమ్మగారి పక్కన అంత పొట్టేసుకుని నిలబడ్డ పెద్దాయన ఎవరండీ?" అని అడిగింది. నేనే అన్నాను. ఆవిడ చాలాసేపు నవ్వింది. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక నా నవ్వు ఆగిపోయింది. రోజంతా డాక్టర్ల మధ్య తిరిగే మనిషి ఇక్కడికొచ్చి చూడబోయేది ఆ పెద్దాయన్నే కదా.

నా రూమ్మేట్ కరీంనగర్ కుర్రాడు, కార్ల కంపెనీలో ఇంజినీరు. జిమ్ పిచ్చి. అతనికి నా గోడు చెప్పుకున్నాను.

"పొట్ట పోవాల్నంటే ప్రొటీన్ పౌడర్ తాగు అన్నా. రాత్రి అన్నం బంద్ చేసి నీళ్లల్ల ఒక స్కూప్. పొద్దున నాతోని జిమ్‌కి రా."

షాపులో ఒక గోడ నిండా ఆ డబ్బాలే. మా ఇళ్లల్లో డబ్బా కొనేటప్పుడు లోపల ఏముందో తర్వాత, అది అయిపోయాక అందులో ఏం పోసుకోవచ్చో ముందు చూస్తాం. మూతలు తిప్పి చూశాను. చెయ్యి పడుతుందా లేదా అని అంచులు కొలిచాను. అన్నిటికంటే పెద్దది, నల్లది, మూత గట్టిది ఒకటి నచ్చింది. దాని మీద నా తొడంత చెయ్యి ఉన్న మనిషి బొమ్మ. న్యూజెర్సీలో మా ఆవిడ పప్పులన్నీ కవర్లలోనే రబ్బరు బ్యాండ్లు కట్టుకుని పడి ఉండేవి. తను వచ్చి అలమర తెరిచేసరికి కందిపప్పు ఈ డబ్బాలో కనిపించాలి. పౌడరు కొన్నది నా పొట్ట కోసమే, కానీ ఆ డబ్బాని ఎంచింది ఆ అలమర కోసం.

ఇంటికి రాగానే పౌడరు స్టీలు డబ్బాలోకి ఒంపేశాను. నల్ల డబ్బాని వేడినీళ్లలో నానబెట్టి, కాగితం గోకి, కడిగి ఆరబెట్టి కందిపప్పు పోశాను. రూమ్మేట్ చూసింది స్టీలు డబ్బానే.

మొదటిరోజు మరిగే పాలలో కలిపితే ముద్దలు కట్టింది. మర్నాటినుంచి మజ్జిగలో కలిపి, ఏలకుల పొడీ కాస్త పంచదారా వేశాను. వంటవాణ్ణి కదా, రుచి లేనిది గొంతు దిగదు. రాత్రి అన్నం మానేయమన్నాడు గానీ, వండినవాడు ఉప్పు సరిపోయిందో లేదో చూడకపోతే ఎలా? పళ్లెం నిండా చూసేవాణ్ణి. పైన పౌడరు.

జిమ్‌లో ట్రెడ్‌మిల్ కిటికీకి ఎదురుగా ఉండేది. అవతల మంచు, ఇవతల నేను. కిటికీ తూర్పు వైపని, న్యూజెర్సీ అటేనని తెలిశాక రోజూ ఇంకో మైలు ఎక్కువ నడిచాను. అలాగే నేల మీద నడిచుంటే ఈపాటికి సగం దూరం వెళ్లి ఉండేవాణ్ణని లెక్కేసుకునేవాణ్ణి. దిగి చూస్తే అదే కిటికీ.

నెల తిరిగేసరికి నా ఏప్రాన్ తాడు కథ మారింది. ఇదివరకు నడుం చుట్టూ తిప్పి ముందుకు తెచ్చి ముడేసేవాణ్ణి. ఇప్పుడు వెనకాలే ముడి, అదీ ఊపిరి బిగబట్టి.

"కండ పడుతున్నది అన్నా, మంచిదే," అన్నాడు రూమ్మేట్.

పౌడరు అయిపోవచ్చింది. ఇద్దరం కలిసి షాపుకి వెళ్లాం. నేను దర్జాగా ఆ నల్ల డబ్బా దించి అతని చేతిలో పెట్టాను. అతను దాన్ని తిప్పి చదివాడు. చదివి, అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

"అన్నా, ఇది బక్కగున్నోళ్లు లావు అయ్యేతందుకు తాగేది. ఇన్ని దినాలూ ఇదేనా?"

"ఇదే. మూత గట్టిగా ఉందని..."

కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. తర్వాత, "వదిన ఎప్పుడొస్తది?" అన్నాడు.

"పదిరోజుల్లో."

నవ్వడం ఆపేశాడు. నాకు భయమేసింది అప్పుడే.

ఎయిర్‌పోర్టుకి నాకున్న అతి పెద్ద కోటు వేసుకుని వెళ్లాను. ఇంట్లోకి వచ్చాక కూడా విప్పలేదు.

"లోపల కూడా కోటేంటండీ?"

"మిషిగన్ చలి నీకు తెలీదు."

నర్సు కదా, నుదుటి మీద చెయ్యి పెట్టింది. చెమటతో చెయ్యి తడిసింది. ఆ చెయ్యి మొహం మీద పడి ఎన్ని నెలలయిందో గుర్తొచ్చి నేను కదల్లేదు. తను కూడా వెంటనే తీయలేదు. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లి అలమర తెరిచింది. నల్ల డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టి, గట్టిగా ఉందో లేదో నొక్కి చూసింది. "ఈ డబ్బా ఎక్కడిది?" అంది. జరిగిందంతా నేనే చెప్పేశాను, నవ్విద్దామని. తను నవ్వలేదు. నావైపు ఒకసారి, డబ్బావైపు ఒకసారి చూసి, పప్పు కడిగి గిన్నె నా చేతికిచ్చింది.

ఐదు రోజులూ నేను వండాను, తను తింది. కాంట్రాక్టు మాట తను ఎత్తలేదు. అడిగే ధైర్యం నాకు లేకపోయింది. కోటు మాత్రం అలాగే ఉంది.

తను వెళ్లే ముందురోజు ఆ డబ్బాలో మిగిలిన కందిపప్పంతా దోరగా వేయించాను. ఎండుమిరపకాయలూ జీలకర్రా వెల్లుల్లీ వేసి పొడి కొట్టి, మళ్లీ అదే డబ్బాలో నింపాను. పౌడరుతో వచ్చిన స్కూపు అందులోనే పెట్టాను. "ఇది మన ప్రొటీన్ పౌడరు. వేడన్నంలో నెయ్యేసుకుని ఒక స్కూపు," అన్నాను. తను దాన్ని సూట్‌కేసులో చీరల మధ్య పెట్టుకుంది. ఎయిర్‌పోర్టులో తను లోపలికి వెళ్లిపోయాక ఆ గాజు తలుపుల దగ్గర ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. సెక్యూరిటీ మనిషి వచ్చి దారి తప్పారా అని అడిగాడు.

మూడు వారాలపాటు మధ్యాహ్నం మూడున్నరకి ఫోన్లు మామూలే. ఒకరోజు మైక్రోవేవ్ గంట మోగింది.

"ఏం తింటున్నావ్?"

"మీరు వండింది. అయిపోయింది కూడా. స్కూపు అడుక్కి తగులుతోంది."

"ఆ డబ్బా పోస్టులో పంపెయ్. నింపి మళ్లీ పంపిస్తా."

స్కూపుతో డబ్బా అడుగు గోకుతున్న చప్పుడు వినిపించింది.

"ఖాళీ డబ్బా ఎవరైనా ఊరికే తిరిగి పంపుతారా? ఆ కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. ఏప్రిల్‌లో పాత కాంట్రాక్టు అయిపోగానే డబ్బా నేనే పట్టుకొస్తా. ఈలోపు మీరు ఇంట్లో కోటు విప్పడం నేర్చుకోండి."