ఏటేటా నెమ్మదించే పాట

ఇల్దో ఆరేళ్ళుగా ప్రతి పుట్టినరోజుకీ తన పాటను కొంచెం నెమ్మది చేస్తున్నాడు. "మనిషి ముసలివాడవుతుంటే పాట పరిగెత్తడమేమిట్రా, సిగ్గుండొద్దూ?" అంటాడు.

అతను పాడే చిన్న రాక్ బృందానికి పేరు తెచ్చిన పాట అది. మహా సంగతులేం లేవు. ఒకాయన కళ్ళజోడు వెతుక్కుంటాడు, రొట్టెలు కొంటాడు, మోకాలు పట్టుకుని మెట్లెక్కుతాడు. మొదట్లో రెండున్నర నిమిషాల్లో ఎక్కేసేవాడు. ఇప్పుడు ఏడు నిమిషాలు పడుతోంది. మోంతెవిదేయో నగరంలో జనం మొదటి చరణంలో లేచి వెళ్ళి, పిజ్జా తిని, మూతి తుడుచుకుని వచ్చేసరికి ఆయనకింకా కళ్ళజోడు దొరకదు.

"ఇలాగైతే వచ్చే ఏడు పాట వెనక్కి నడుస్తుంది," అనేవాడు డ్రమ్స్ వాయించే రువెన్.

"నడవనీ. నీకేం నొప్పి?"

నొప్పి ఉంది. రువెన్ కుడి మణికట్టు ఏటికేడు బిగుసుకుపోతోంది. ఎవరికీ చెప్పలేదు. తన చెయ్యి మొండికేసిన కొద్దీ ఇల్దో పిచ్చీ ముదరడం తన అదృష్టమనుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా అతను వారమంతా ఎదురుచూసేది వీళ్ళతో వాయించే శనివారం కోసమే.

సముద్రతీరంలో జరిగే పాటల పండుగ ఆ అదృష్టానికి గండికొట్టింది. నాలుగు నిమిషాలే ఇస్తామన్నారు. రువెన్ తలుపేసుకుని పాత వేగంతో వాయించి చూశాడు. కర్ర చేతిలోంచి ఎగిరి ఫ్రిజ్ కిందకి దూరింది.

శనివారం ఇల్దో ఇంట్లో మాతే అనే ఆకుల తేనీరు చేతులు మారుతోంది. అందరికీ ఒకటే సొరబుర్ర, ఒకటే గొట్టం. తాగి తిరిగిస్తే ఇల్దో మళ్ళీ వేడినీళ్ళు పోసి తర్వాతివాళ్ళకిస్తాడు. ఇక చాలనుకున్నవాళ్ళే థాంక్స్ చెబుతూ 'గ్రాసియాస్' అంటారు. అన్నవాళ్ళకి ఆ పూట మళ్ళీ ఇవ్వరు. ఇందులో ఇల్దో మహా నిష్ఠాపరుడు. ఓసారి కన్నతల్లి నోరుజారి అంటే ఆవిడకీ పోయలేదు.

రువెన్ సొరబుర్ర తిరిగిచ్చి "గ్రాసియాస్" అన్నాడు. "మాతేకే కాదు, బృందానికీ. ఇంకొకణ్ణి చూసుకోండి."

ఇల్దో నీళ్ళు పోసి మళ్ళీ అతనికే అందించాడు.

"గ్రాసియాస్ అన్నాన్రా."

"వినబడింది. పట్టుకో. ఎడమచేత్తో పట్టుకో."

రువెన్ తెల్లబోయాడు. బాస్ గిటారు తీగలు బిగిస్తున్న ఇల్దో భార్య గ్రిసెల్దా తలెత్తకుండానే అంది: "గిన్నెలు తోముతూ ఈయన ఆ పాట రెండు నిమిషాల్లో ముగిస్తాడు. నువ్వు పాట మధ్యలో కర్ర జారవిడిచావు చూడు, ఆ ఏడాదే ఆ పాటకి ముసలితనం మొదలైంది."

రువెన్‌ ఎడమచేత్తో బుర్ర అందుకుని అడిగాడు. "మరి ఆ నాలుగు నిమిషాలు?"

"రెండు చరణాలు మర్చిపోదాం," అన్నాడు ఇల్దో. "మన వయసుకి ఎవరూ అనుమానించరు."

రువెన్ చివరి గుక్కదాకా తాగి బుర్ర తిరిగిచ్చాడు. ఈసారి గ్రాసియాస్ అనలేదు.