అక్క మూత తీసిన సీసా

గన్‌ఫౌండ్రీలోని మా ల్యాబులో నాకు పని నేర్పిన సీనియర్ అక్క, కప్ప వీపును తడి వేలితో నిమురుతూ "జర ఓర్చుకో బిడ్డా" అనేది. భయపడిన కప్ప చర్మం మీద తెల్లటి జిగురు ఊరుతుంది. అందులో సూక్ష్మజీవులను చంపే సన్నటి ప్రోటీన్ ముక్కలుంటాయి. మా పరిశోధన వాటి మీదే.

తొంభైల చివర్లో ఆమె తమ్ముడు కాలి పుండుతో నాంపల్లి దవాఖానలో చేరాడు. ఏ మందూ పనిచెయ్యలేదు. అక్క ఆ పుండులోని చీము తెచ్చి గాజు పళ్లెంలో సూక్ష్మజీవులను పెంచింది. మా జిగురు చుక్క పడిన చోటల్లా అవి చచ్చిపోయాయి. వెంటనే ఆ జిగురున్న సీసాను సంచీలో వేసుకుంది.

"అక్కా, అది మనిషి ఒంట్లకు పోతే ఏమైతదో మనకు తెల్వదు!"

"తెల్వదు. కానీ రేపు వాని కాలు తీసేస్తరట."

దవాఖానకు ఆమె వెంటే ఉరికాను. మంచం పక్కన నిలబడి సీసా మూత తీసింది.

"ఏందక్కా, గట్ల వణుకుతున్నవ్?" అన్నాడు తమ్ముడు.

అక్క మూత పెట్టేసింది. కాలు పోయింది, మనిషి బతికాడు.

కొన్ని నెలలకు అదే జిగురును రక్తం మీద పరీక్షించాం. ఎర్రకణాలన్నీ పగిలిపోయాయి. అక్క సీసాను పక్కకు జరిపింది.

"నా చేతులతోనే వాన్ని చంపుకుంటుంటి," అంది.

ఆ సాయంత్రం ఆబిడ్స్ బస్టాపు దాకా నా చెయ్యి వదలకుండా నడిచింది.