ఆశ్రమం గోడ పక్క నాలుగు తాటిచెట్లు

రెండువేల ఇరవై రెండు, ఎండకాలం. జగిత్యాల జిల్లాల సారంగాపూర్ దిక్కు మా ఊరు. అప్పటికి నాకు అరవై రెండేండ్లు. నలభై ఏండ్ల సంది తాటిచెట్లు గీసుడే నా పని. గౌడోళ్ళ పని గురించి రాయమంటే చానమంది చెట్టు మీదికెల్లి పడ్డ కథలు రాస్తరు. నేను గూడ రెండుసార్లు పడ్డ, ఎడమ చెయ్యి ఇప్పటికీ పూర్తిగ లేవది. నేను రాసేది అది గాదు. పడకుంట పైన కూసున్నప్పుడు ఏం జరిగిందో రాస్త.

ఎండకాలం చెట్టును దినానికి మూడు పూటలు ఎక్కాలె. నడుముకు మోకు ఉంటది, అంటే చెట్టు సుట్టు తిరిగొచ్చి మనిషిని పట్టుకునే లావు తాడు. పైకి పోయినంక మట్టల నడుమ కుదురుకొని, గెల కొసను కత్తితోటి పల్చగ గీసి, కిందికి లొట్టి కట్టాలె. లొట్టంటే కల్లు కారే కుండ. గీ పనిల చేతులే మెదుల్తయి, కండ్లకు పని తక్కువ. పైనుంచి అందరి వాకిళ్ళు కనబడ్తయి. స్నానానికి కట్టుకున్న తడకలు గూడ.

అందుకే మా నాయిన నాకు మోకు కట్టిన తొలినాడు, మా గౌడోళ్ళ దేవుడు కాటమయ్య ముందట రెండు మాటలు చెప్పిండు. ఇండ్ల పక్క చెట్టయితే ఎక్కేముందు గట్టిగ కేకెయ్యాలె, ఆడోళ్ళు సర్దుకుంటరు. పైన కనబడ్డది ఏదైనా కింద మండువల చెప్పొద్దు. మండువంటే మేం కల్లు పోసే జాగ. నలభై ఏండ్లు గీ రెండు మాటలు తప్పలే. ఊర్ల నామీద ఒక్క మాట పడలేదంటే గందుకే.

ఊరి బయట ఆశ్రమం వచ్చి అప్పటికి ఆరేండ్లు. సామి పేరు, సంస్థ పేరు రాయను. కేసు కోర్టుల ఉన్నది, వాళ్ళు అంత అబద్ధమే అంటున్నరు. నేను చూసింది, నాతోటి చెప్పింది, అంతవరకే రాస్త. వాళ్ళ పెద్ద గోడ పక్కన నా వంతు చెట్లు నాలుగున్నయి. ఎక్కే ప్రతిసారి "ఓ అవ్వలూ, చెట్టెక్కుతున్నా" అని కేకేస్తుంటి. పైకి పోయి చూస్తే లోపల వాకిలి ఖాళీ. షాబాదు బండలు, తులసి గద్దె, ఒక నల్లా. ఎంత ప్రశాంతం అనుకున్న.

ముందటి చలికాలం నుంచి బడి అరుగు మీద ముసలోళ్ళకు మాపటి పూట అక్షరాలు నేర్పుడు మొదలైంది. ఏదో సేవా సంఘం అన్నరు. బోర్డు మీద సామి పేరు లేదు. నేర్పేటందుకు వచ్చిన పిల్ల పేరు లావణ్య. సిరిసిల్ల పిల్ల, పందొమ్మిదేండ్లు, పొడుగు జడ. నేను పెన్సిలును కత్తి పట్టినట్టు పడితే నవ్వేది.

"తాతా, అది గెల గాదు. గట్ల గీస్తే కాయితం చిరుగుతది."

"చిరిగితే ఇంకోటి ఇయ్యి బిడ్డా. మీ సంఘానికి కాయితాలకేం తక్వ?"

"కాయితాలకు తక్వ లేదు, నీకు ఓపికే తక్వ. రాయి."

మూడు నెలల్ల నా పేరు, నా భార్య పేరు, ఊరి పేరు, ఎన్క చిన్న చిన్న మాటలు రాసిన. అరవై దాటినంక బస్సు మీది బోర్డు నేనే చదివిన్నాడు నాకు కలిగిన సంతోషం ఇప్పుడు రాయబుద్ధి గాదు. గది ఎవరి చేతులకెల్లి వచ్చిందో ఇప్పుడు తెలుసు.

పండుగల ఎన్క లావణ్య రాలేదు. ఇంకో ఆమె వచ్చింది. "ఆ పిల్లేది?" అంటే "మౌనదీక్షల ఉన్నది" అన్నది. దీక్ష అంటే మంచిదే గద అనుకున్న. ఇంకేం అడగలే.

ఎండలు ముదిరినంక ఒకనాడు జగిత్యాలల పన్ను పీకించుకొని వచ్చిన. దవడల దూది, నోరు తెరువొద్దన్నరు. పగటి పూట గోడ పక్క చెట్టెక్కిన. కేకెయ్యలే, ఎయ్యరాలే.

పైకి పోయి కిందికి చూస్తే బండల మీద ఒక పిల్ల మోకాళ్ళ మీద నిలబడి ఉన్నది. నెత్తి గొరిగి ఉన్నది. రెండు చేతులు పైకి, చేతులల్ల నీళ్ళ బిందె. నీడకు కుర్చీ ఏసుకొని ఒకామె కట్టె పట్టుకొని కూసున్నది. గా పగటీలి షాబాదు బండల మీద చెప్పుల్లేక నడువరాదు. పిల్ల చెయ్యి వంగితే గామె లేచి వీపు మీద ఒకటి కొట్టి మల్ల కూసున్నది. ఊరికె, ఈగను కొట్టినట్టు. గప్పుడు పిల్ల మొఖం పైకెత్తింది. లావణ్య. నన్ను చూసింది. అరువలే, సైగ చెయ్యలే. చూసి తల దించుకున్నది.

తెల్లారి కేకేసి ఎక్కిన. వాకిలి ఖాళీ. మూడోనాడు కావాల్నని కేకెయ్యకుంట ఎక్కిన. మల్ల గదే జాగల, గట్లనే ఉన్నది. ఆడోళ్ళ మర్యాద కోసమని నేనేసిన కేక, వాళ్ళకు పిల్లను లోపలికి గుంజుకపోయే గంటయింది. ఆరేండ్ల సంది.

దిగి ఇంటికి పోయిన. నా భార్య లచ్చవ్వకు చెప్పిన. విని ఆమె తలుపు దగ్గరికేసింది.

"నువ్వు కేకెయ్యకుంట ఎందుకెక్కినవ్ అంటరు. ఆడివిల్లలున్న వాకిట్లకు తొంగి చూసినవంటరు. గీ వయసుల గా పేరు మోస్తవా?"

"పిల్లను చంపుతరేమోనే."

"చంపుటానికి పెట్టుకున్నరా? దీక్షలల్ల గసొంటియి ఉంటయేమో. మనకేం తెలుసు?"

నాకు గా మాట కావాల్నని ఉండె. పట్టుకున్న. పగటి పూట కేకెయ్యకుంట చెట్టెక్కుడు, చూసుడు, దిగుడు. రోజూ చూసిన. ఆమె గూడ రోజూ ఒకసారి పైకి చూసేది. గట్ల తొమ్మిది రోజులు.

పదోనాడు పొద్దుగాల మండువకు ఒకాయన వచ్చిండు. పేరు నర్సయ్య, సిరిసిల్లల పవర్‌లూమ్ నడిపే కార్మికుడు. గ్లాసు పట్టుకున్నడు గని తాగలే.

"అన్నా, మా బిడ్డ గా ఆశ్రమంల ఉన్నదని కోరుట్లల ఒక పిల్ల చెప్పింది. గేటు కాడ లేదంటున్నరు. వేరే రాష్ట్రానికి సేవకు పోయిందంటున్నరు. ఎవరన్న చూసిండ్రా?"

అందరు గ్లాసులల్లకు చూసుకున్నరు. ఒకడు నా దిక్కు చూసి నవ్విండు. "గౌడును అడుగు. ఆయన దేవునికన్న మీద కూసుంటడు."

నర్సయ్య నా ముందట ఫోను పెట్టిండు. ఫోటోల పిల్ల జడ ముందటికి ఏసుకొని నవ్వుతున్నది. లొట్టి నా చేతులనే ఉన్నది.

"ఇప్పుడు జడ లేదు" అన్న.

ఆయన ఫోను తీసుకొని జేబుల పెట్టుకున్నడు. "ఎప్పుడు చూసినవన్నా?"

"నిన్న. తొలుత చూసి తొమ్మిది రోజులు."

"తొమ్మిది రోజులా" అన్నడు. తిట్టినా బాగుండు.

బస్సుల జగిత్యాల పోతుంటే ఆయనే చెప్పిండు. సిరిసిల్లల ఆడోళ్ళకు ఫ్రీగ కుట్టుమిషన్ నేర్పుతమని ఒక సంఘం బోర్డు పెట్టింది. నర్సయ్య భార్య గా సంఘంల చేరింది. "మిషన్ ఇస్తరంటే నేనే పంపిన" అన్నడు. గక్కడి మేడం, మీ బిడ్డ డిగ్రీ చదువుతున్నది గద, కోరుట్లల మావోళ్ళు ఉద్యోగాల పరీక్షలకు ఫ్రీ కోచింగ్ ఇస్తరు, తిండి, పడక ఆళ్ళదే అన్నది. కోరుట్లల కోచింగ్ అయినంక, మనసు నిలబడాలంటే వారం రోజుల క్యాంపు అన్నరు. క్యాంపు అయినంక సేవ అన్నరు. గా సేవే మా ఊరి బడి అరుగు. ఊరికొక పేరు, పనికొక బోర్డు. సామి ఫోటో ఎక్కడ లేదు. ఆశ్రమం గేటు దాటినంకనే ఉంటదట.

పోలీస్ స్టేషన్‌ల ఎస్సై మంచిగనే విన్నడు. "పిల్ల మేజర్. నా ఇష్టంతో ఉన్న అంటే మేం తీస్కరాలేం. ముందైతే నువ్వు చూసింది స్టేట్‌మెంట్ ఇయ్యి" అన్నడు. స్టేట్‌మెంటంటే సాక్షి చెప్పే మాట కాయితం మీద పెట్టుడు. రైటరు ఇంకు డబ్బా నా ముందటికి జరిపి బొటనవేలు అడిగిండు.

"రాస్త సార్" అన్న. అర్ధ పేజీకి గంట పట్టింది. నర్సయ్య పక్కన కూసొని నా చెయ్యే చూసిండు. ఎవరు నేర్పిండ్రని అడిగిండు. చెప్పిన. మొఖం తిప్పుకున్నడు.

మర్నాడు ఎస్సై, ఒక లేడీ కానిస్టేబుల్, నర్సయ్య, నేను ఆశ్రమంలకు పోయినం. చల్లటి హాలు, అగరుబత్తి వాసన. కట్టె పట్టుకున్న ఆమె నవ్వుకుంట వచ్చి మాకు మజ్జిగ ఇచ్చింది. ఎన్క లావణ్య వచ్చింది. పాదాల దాక లంగా, నిండు చేతుల జాకిటి, నెత్తి మీద కొంగు.

"నా ఇష్టంతోటే ఉన్న సార్. మా నాయినను పొమ్మనండి" అన్నది. నేర్పిన పాఠం లెక్క, ఆగకుంట.

నర్సయ్య "బిడ్డా" అన్నడు. ఆమె గోడ దిక్కు చూసింది. ఎస్సై డైరీ మూసిండు. మజ్జిగ ఇచ్చినామె నన్ను చూసి, "ఈయననేనా చెట్టెక్కి చూసేది?" అన్నది. నవ్వు పోలే.

నా మొఖం మండింది. అయినా లేడీ కానిస్టేబుల్ దిక్కు తిరిగి, "అమ్మా, పిల్లను ఒక్కసారి కింద కూసోమను" అన్న.

"ఎందుకు తాతా?"

"కూసోమను, చూద్దం."

లావణ్య కూసోలే. నిలబడ్డకాడనే ఉన్నది. కానిస్టేబుల్ ఆమె చెయ్యి పట్టుకొని పక్క అర్రలకు తీస్కపోయింది. రెండు నిమిషాలకు ఒక్కతే బయటికొచ్చింది. "సార్, అంబులెన్స్ పిలువండి" అన్నది.

దవాఖానల మోకాళ్ళ మీది తోలు బట్టతోటి కలిసి ఊడింది. కుడి మోకాలు లోపలికి చీము పోయింది. డాక్టరు నర్సయ్యకు చెప్తుంటే నేను తలుపు కాడ ఉన్న. "వారం ముందు తెచ్చుంటే కాలు మంచిగ మడిచేది" అన్నడు. ఆయనకు నేనెవ్వరో తెల్వది.

పదిహేను రోజులకు లావణ్య నోరు విప్పింది. కోరుట్ల కోచింగ్‌ల తన ఎన్క చేరిన ఒక పిల్లకు దొంగతనంగ ఫోన్ చేసి "క్యాంపుకు రాకు" అని చెప్పిందట. గదే తప్పు. గా పాపం ఎండల కడుగుకోవాలన్నరట. ఇల్లు పేరెత్తితే, నువ్వు పోతే మీ నాయినకు రోగమొస్తదని సామి చెప్పిండన్నరట. గందుకే ఎస్సై ముందట గట్ల అన్నది. ఆమెను చూసి ఇంక ఇద్దరు ఆడివిల్లలు కంప్లయింట్ ఇచ్చిండ్రు. ఒకరు తర్వాత ఎన్కకు తీసుకున్నరు.

మా గీత సంఘపోళ్ళు నన్ను పిలిచి, "పైన చూసింది పోలీసుల దాక తీస్కపోతే రేపు మనల్ని ఏ ఇంటి పక్క ఎక్కనిస్తరు?" అన్నరు. గా నాలుగు చెట్లు ఇంకొకరి వంతుకు పోయినయి. ఆశ్రమపోళ్ళు గోడ మీదికెల్లి రేకులు లేపిండ్రు.

కోర్టుల నన్ను అడిగింది మరుసటేడు. క్రాస్ అంటరు, అవతలి వకీలు మన మాటను అటిటు తిప్పి చూసుడు.

"కల్లు తాగుతవా?"

"తాగుత సార్. ఎక్కేముందు తాగుతుంటే ఇన్నేండ్లు బతుకుతుంటినా?"

"ఎక్కేముందు కేకెయ్యాలె గద. తొలినాడు ఎందుకెయ్యలే?"

"పన్ను పీకించుకున్న."

"మూడోనాడు?"

"కావాల్ననే ఎయ్యలే."

"అంటే ఆడపిల్లలున్న జాగను దొంగతనంగ చూసినవ్."

"చూసిన సార్."

ఎన్క కూసున్నోళ్ళల్ల ఎవరో నవ్విండ్రు. లచ్చవ్వ భయపడ్డ మాట నిండు కోర్టుల నా మీద పడ్డది. పడితే పడ్డది, మనిషి చావడని గప్పుడు తెలిసింది. వకీలు ఎంత దూరం, ఎంత ఎత్తు, కండ్లద్దాలు ఉన్నయా, అన్ని అడిగిండు. గా తొమ్మిది రోజుల గురించి మాత్రం అడగలే. జడ్జి గూడ అడగలే.

కేసు ఇంక తెగలే. సామి బెయిలు మీద ఉన్నడు. కోరుట్లల గా బోర్డు తీసేసిండ్రు. మల్లాపూర్‌ల వేరే పేరుతోటి ఫ్రీ కోచింగ్ మొదలైందని విన్న. ఆళ్ళదే అవునో కాదో నాకు తెల్వది.

పోయినేడు సిరిసిల్ల పోయిన. నర్సయ్య ఇంట్ల లేడు, సాంచాల కాడికి, అంటే పవర్‌లూమ్ పనికి పోయిండు. లావణ్య ఇంట్ల కుర్చీల కూసొని, కుడి కాలు ముందటికి చాపుకొని, సాంచాలకు దారం కండెలు చుడుతున్నది. నెత్తి మీద ఎంటికలు భుజాల దాక వచ్చినయి. చాయ ఇచ్చింది. అక్షరాలు మర్చిపోయినవా అని అడిగింది. లేదన్న.

తర్వాత నా దిక్కు చూడకుంట, "తాతా, నువ్వు చెట్టు మీద కనబడ్డనాడే నాకు ధైర్యమొచ్చింది. తాత చూసిండు, రేపు ఎవరన్న వస్తరు అనుకున్న" అన్నది. దారం తెగితే ముడేసింది. "రోజూ గట్లనే అనుకున్న. ఎందుకు చెప్పలే?"

అబద్ధం దొరుకుతదా అని చూసిన. మా నాయిన చెప్పిన మాట అనొచ్చు, దీక్ష అనుకున్న అనొచ్చు.

"నా పేరు చెడ్తదని భయపడ్డ బిడ్డా" అన్న.

"గంతేనా" అన్నది. కోపంగ అనలే. లెక్క సరిచూసుకున్నట్టు తలూపి, మల్ల కండె పట్టుకున్నది.

నలభై ఏండ్ల పనిల నేను నేర్చుకున్నది గా ఇంట్లనే. నేను నీతి అనుకొని మోసిందాంట్ల సగం భయమే ఉండె. రెండు ఒక్క తీరుగనే ఊకుంటయి, బయటికి తేడా తెల్వది. గా తేడా కనిపెట్టేటందుకు నాకు తొమ్మిది రోజులు పట్టింది, ఆమెకు ఒక కాలు పట్టింది.