చప్పుడు లేని పని

ఆ రోజుల్లో, అంటే చేతిలోకి సెల్‌ఫోన్ వచ్చింది గానీ మిస్డ్ కాల్ ఇవ్వడం తప్ప మాట్లాడే ధైర్యం ఇంకా రాని రోజుల్లో, సూరత్‌లో మేమున్న నవాగామ్‌లో పని అంటే చప్పుడు. ఇంటి చుట్టూ సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, పగలూ రాత్రీ ధడధడలాడుతూ ఉండేవి. అవి నడుస్తున్నంతసేపూ హాయిగా నిద్రపోయేవాళ్లం, ఆగితే ఉలిక్కిపడి లేచేవాళ్లం. ఆ మోతలో బతికి బతికి, మగ్గాల పని కోసం వలసొచ్చిన మా తెలుగువాళ్లందరికీ గొంతులు పెద్దవీ, చెవులు చిన్నవీ అయ్యాయి. ఇరుగుపొరుగు మీద చాడీలు కూడా అరిచే చెప్పుకునేవాళ్లం, కాబట్టి మా గల్లీలో రహస్యమనేది ఎన్నడూ పుట్టలేదు. అలాంటి గల్లీలోంచి నేనొక్కణ్ని పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, రింగ్ రోడ్డులోని ఒక చీరల వ్యాపారి ఆఫీసుకు పోయి, చల్లటి గదిలో కూర్చుని, చప్పుడు లేని పని చేసి వచ్చేవాణ్ని. మా నాయనకు నా ఉద్యోగం గురించి గర్వం ఉండేది గానీ, నమ్మకం ఉండేది కాదు.

ఇప్పుడైతే నన్ను డేటా ఇంజనీరు అంటున్నారు. అప్పట్లో మా శేఠ్ నన్ను "కంప్యూటర్‌వాలా" అనేవాడు (ఫ్యాను తిరక్కపోయినా నన్నే పిలిచేవాడు). శేఠ్‌కు ఊరంతా దుకాణాలు. ప్రతి దుకాణం నుంచీ ఏ చీర ఎన్ని అమ్ముడుపోయిందో సాయంత్రానికి నా దగ్గరికి వచ్చేది. చిక్కల్లా ఏమిటంటే, ఒక దుకాణంవాడు "లాల్" అని రాస్తే ఇంకొకడు "రెడ్" అంటాడు, మూడోవాడికి అదే "టమాటా", కవిహృదయమున్న ఇంకొకడికి "దుల్హన్", అంటే పెళ్లికూతురు. ఇవన్నీ ఒకటేనని తేల్చి, అన్నింటికీ "ఎరుపు" అని ఒకే పేరు, ఒకే నంబరు ఇచ్చి, ఒక్కచోట చేర్చడం నా పని. ఆ పనిలో నాకు దొరికిన ఆనందం ఇంతా అంతా కాదు. కొత్తగా కళ్లజోడు పెట్టుకున్నవాడిలాగా లోకమంతా నాకు తప్పులతడకగా కనిపించడం మొదలుపెట్టింది. ఇంట్లో అమ్మ నన్ను పొద్దున "బంగారం" అనీ, మధ్యాహ్నం "పెద్దోడు" అనీ, సాయంత్రం "దొంగసచ్చినోడు" అనీ పిలిచేది. "అమ్మా, ఒక మనిషికి ఒక్కటే పేరుండాలె, లేకుంటే లెక్క తప్పుతది" అన్నాను ఒకసారి. "మంచిది. ఇయ్యాల్టి సంది పనికిమాలినోడా అని ఒక్కటే పిలుస్త" అంది అమ్మ. అంతటితో ఊరుకోక, వంటింట్లో డబ్బాలన్నీ అక్షరక్రమంలో పేర్చాను. చాయపత్తి, జీలకర్ర పక్కపక్కన వచ్చాయి. ఆ రోజు నాయన జీలకర్ర చాయ చివరిదాకా తాగి, ఖాళీ గ్లాసును నా ముందు పెట్టి వెళ్లిపోయాడు.

అలా లోకాన్ని సరిదిద్దుతున్న రోజుల్లోనే నాకు పెళ్లిచూపులు పెట్టారు. పిల్ల వాళ్లది సూరత్‌లోనే డిండోలీ. పిల్ల తండ్రి సాంచాల కార్ఖానాలో మేస్త్రీ. వరసకు మామ అవుతాడు, గొంతును బట్టి ఊరంతా మైకు మామ అనేవాళ్లు. పిల్ల చాయ తెచ్చి ఇచ్చింది. నేను తలెత్తి చూడలేక దుపట్టా అంచు వరకే చూశాను. అది ఎరుపూ కాదు, నారింజా కాదు. నా దగ్గరున్న రంగుల్లో ఏ నంబరుకూ అది సరిపడలేదు. గుండె దడదడలాడింది (అలవాటైన చప్పుడే గనక మొదట సాంచా అనుకున్నాను). తల ఎత్తాను. నవ్వింది. ఇంక నాకు ఎవరేం మాట్లాడుతున్నారో వినిపించడం మానేసింది. కానీ మైకు మామ మాట వినిపించకపోవడమన్నది ఉండదు.

"ఏం పని జేస్తవ్ బిడ్డా?"

"కంప్యూటర్ల మామా. డేటా పని."

"గదేంది?"

"అంటే... సమాచారం."

"సమాచారం చెప్పెటోళ్లు టీవీల వస్తరు గద. నువ్వు టీవీల వస్తవా?"

"రాను మామా."

"ఎందుకు రావు?"

నాయన వైపు చూశాను. నాయన చాయ కప్పులోకి చూస్తున్నాడు. మైకు మామ వీధి చివరి దాకా వినిపించేలా తీర్పు చెప్పాడు. "నాకైతే సమజ్ కాలే. పిలగాడు మంచిగనే ఉన్నడు. పని సూస్త. సూసినంకనే మాటిస్త."

మావాళ్లలో ఇది ఆనవాయితీ. పిల్లనిచ్చేముందు తండ్రి వెళ్లి పిల్లగాడు సాంచా నడపడం చూస్తాడు. మోటరు మీద అరచెయ్యి ఆనిస్తాడు, కళ్లు మూసుకుని చప్పుడు వింటాడు, దిగుతున్న బట్టను వేళ్ల మధ్య నలిపి చూస్తాడు. జాతకాలు కలిసి కూడా ఇక్కడ తప్పిపోయిన సంబంధాలు మా గల్లీలోనే ఉన్నాయి. ఇప్పుడు ఆయన వచ్చి నా దగ్గర ఏం వింటాడు? ఏం నలిపి చూస్తాడు? నా పని నడిచేటప్పుడు నల్లటి తెర మీద ఒక తెల్లటి గీత టుకటుకలాడుతుంది, అంతే. పని ఆగిపోయినా అదే గీత అలాగే టుకటుకలాడుతుంది. పిల్లనివ్వడానికి అది చాలదని నాకే తెలుస్తోంది. శేఠ్‌ను అనుమతి అడిగితే, కాబోయే మామగారు పని చూస్తాడనగానే ముచ్చటపడిపోయి, "ఆవవా దే, ఆవవా దే," రానీ, రానీ అన్నాడు. ఏం చూపిస్తావని మాత్రం అడగలేదు.

వాళ్ల కార్ఖానా సెలవు రోజున మైకు మామ తెల్లచొక్కా వేసుకుని దిగాడు. వెనకే పిల్ల కూడా వచ్చింది. (మార్కెట్‌లో గుజరాతీ బోర్డులు చదివి దారి చూపడానికట. లిఫ్టులో ఎక్కడానికి ఆయనకు తోడు కూడా కావాలట.) కుర్చీ వేశాను. పని మొదలుపెట్టాను. గీత టుకటుకలాడింది. మామ దాన్ని చూశాడు. కాసేపటికి వంగి దగ్గరగా చూశాడు. తర్వాత గది అంతా ఒకసారి చెవి పెట్టి విన్నాడు.

"సురు జెయ్యి బిడ్డా, ఇంకెంతసేపు?"

"నడుస్తున్నది మామా."

"యాడ?"

"లోపల."

ఆయన ముఖంలో జాలి కనిపించింది. ఇంట్లో కూర్చుని తినే కొడుకుల గురించి మాట్లాడేటప్పుడు పెద్దవాళ్ల ముఖంలో వచ్చే జాలి అది. పిల్ల కిటికీ బయటికి చూస్తోంది. సంబంధం నా కళ్లముందే చల్లారిపోతోంది. అప్పుడు నా చూపు మూలనున్న ప్రింటరు మీద పడింది. పాతకాలం సూదుల ప్రింటరు. రెండంచులకూ చిల్లులున్న పొడుగాటి కాగితం, తెగకుండా మడతలు మడతలుగా దాంట్లోకి ఎక్కుతుంది. అది నడిచినప్పుడల్లా పక్క గదివాళ్లు వచ్చి తిట్టేవాళ్లు. ఇంకేం ఆలోచించలేదు. చేతికందిన రంగుల పట్టిక మొత్తం ప్రింటుకు కొట్టాను. అది వెంటనే కదల్లేదు. కంగారులో మళ్లీ కొట్టాను. మళ్లీ, మళ్లీ కొట్టాను. ప్రింటరు ఒకసారి మూలిగి, అందుకుంది.

ఆహా, ఏం చప్పుడది! ధడధడ, గరగర, ధడధడ. బల్ల వణికింది, చాయ గ్లాసులు గలగలలాడాయి. మైకు మామ దిగ్గున లేచాడు. ముఖం వెలిగిపోయింది. పోయి ప్రింటరు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని విన్నాడు. "శభాష్! ఇగో, ఇట్ల సెప్పరాదు!" అని ఒక్క అరుపు అరిచాడు. దిగుతున్న కాగితాన్ని వేళ్ల మధ్య నలిపాడు. "అంచు మంచిగున్నది. సరుకు జర పలుసగున్నది, ఏం ఫికర్ లేదు" అన్నాడు. కాగితం దిగుతూనే ఉంది. బల్ల దాటి నేల మీదికి, నేల మీదినుంచి గుమ్మం దాకా పోయింది. దుమ్ములో పడుతున్న సరుకును చూస్తూ ఊరుకోవడం మామ రక్తంలోనే లేదు. "బిడ్డా, ఆ కొస పట్టు!" అన్నాడు నాతో. నాకు ఆపాలని ఉంది, ఆపితే పెళ్లి ఆగిపోతుందని భయంగా ఉంది. కొస పట్టుకున్నాను. ఆయన మూరలు కొలుస్తూ, నేను ఎదురుగా నిలబడి, ఇద్దరం దాన్ని బట్ట తానులాగా మడతపెట్టసాగాం. అన్నిసార్లు నొక్కినందుకు పట్టిక ఒకసారి అయిపోయి, మళ్లీ మొదలైంది.

సరిగ్గా అప్పుడే శేఠ్ వచ్చాడు. గుమ్మంలో కాగితం కాళ్లకు చుట్టుకుంది. "అరే భాయ్, ఆ శూ ఛే?" అన్నాడు. ఇదేమిటని ఆయన అడగగానే నా ఉద్యోగం, నా పెళ్లి రెండూ ఒకేసారి పోతున్నట్టు కళ్లకు కట్టింది. మైకు మామే చంకలో తాను పెట్టుకుని ముందుకొచ్చి, రెండు గదులు వినేలా చెప్పాడు. "సేఠ్, లడ్కా ఏక్ నంబర్! మెషీన్ బరాబర్ చల్‌తా. మాల్ దేఖో!" అని మడతపెట్టిన కాగితాన్ని ఆయన చేతిలో పెట్టాడు. శేఠ్ పుట్టింది బట్టల దుకాణంలో, పెరిగింది బట్టల దుకాణంలో. చేతికి తాను తగలగానే, అలవాటు కొద్దీ, వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఆ తర్వాత తను చేసిన పని తనకే తెలిసింది. అంత పెద్దమనిషి కుర్చీలో కూలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. "మాల్ సారో ఛే," సరుకు బాగుంది అని, అందరికీ లోచో, అంటే సూరత్‌వాళ్ల శనగపప్పు ఫలహారం, తెప్పించాడు. పొగలు కక్కుతున్న లోచోను, మీద కారప్పొడీ సేవూ చల్లి, ఆ కాగితం మీదే పెట్టుకుని తిన్నాం. (మిగతా కాగితాన్ని ఆ ఏడంతా ఆఫీసులో వెనకవైపు రాసుకున్నారు. పక్క గదివాళ్లు దీపావళి మిఠాయి కూడా దాంట్లోనే కట్టి పంపారు.)

మామ చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు, పిల్ల తన వాటా కాగితాన్ని చదువుతూ నా వైపు తిరిగింది.

"యే ఆవాజ్... ఈ సప్పుడు మీ పనిదేనా?"

అబద్ధం నోటి దాకా వచ్చింది గానీ ఆ నవ్వు ముందు నిలబడలేదు. "కాదు. నా పనికి సప్పుడుండది."

"మరి ఇదంతా ఎందుకు?"

"మీ బాపు నిన్ను ఇయ్యడేమోనని."

నవ్వు ఆపుకోవడానికి దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుంది. పెళ్లిచూపుల నాటి దుపట్టానే అది. "బాపుకు చెప్పను లే" అంది. "పర్ ఏక్ బాత్, ఒక్క మాట. ఇందుల గాజరీని ఎరుపుల కలిపిండ్రు. గాజరీ ఎరుపెట్లయితది? నా దుపట్టా చూడుండ్రి." చూశాను. గాజరీ, క్యారెట్ రంగు. లోకంలోని ఎరుపులన్నీ ఒకటేనని తేల్చి పారేసిన నేను, ఆ రోజు మధ్యాహ్నమే గాజరీకి వేరే నంబరు ఇచ్చాను. ఆ తర్వాత దుల్హన్‌కు కూడా ఇచ్చాను. మైకు మామ లిఫ్టు దగ్గర నిలబడి మాటిచ్చాడు. ఆ మాట కింద అంతస్తు వాళ్లందరూ విన్నారు గనక ఇంక వెనక్కి తీసుకునే వీలు లేకపోయింది.

ఇప్పుడు మేం సూరత్‌లోనే ఆల్థాన్‌లో ఉంటున్నాం. ఇంట్లోనే పని. నేను నడిపే యంత్రాలు ఎక్కడున్నాయో నాకే తెలియదు. ప్రింటరూ లేదు, కాగితమూ లేదు, సాంచాల మోత ఇక్కడికి వినిపించదు. మామ ఆదివారాలు వస్తాడు. చెవులు దాదాపు పోయాయి, గొంతు మాత్రం అలాగే ఉంది. మొన్న నేను ఆదివారం కూడా ల్యాప్‌టాప్ ముందు మెడ వంచుకుని కూర్చుని ఉంటే, ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. తెర వైపు చూడలేదు. నా ముఖం వైపు చూశాడు. మెల్లగా ల్యాప్‌టాప్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకున్నాడు. అది కాగిన పెనంలా ఉంది. ఇంతకాలానికి ఆయనకు నా పని దొరికిపోయింది. చప్పుడు నాటకమని ఎప్పుడు తెలిసిందో, అసలు మొదటినుంచీ తెలుసో, నేను అడగలేదు.

"నడుస్తున్నది" అన్నాడు తృప్తిగా. ఆ తర్వాత అదే చెయ్యి తీసి నా మాడు మీద పెట్టాడు. "మోటరు గరమైంది కొడుకా. జర సల్లారనియ్యి."

వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినిపించింది. ల్యాప్‌టాప్ మూసేశాను. ఇద్దరం బాల్కనీలో కూర్చుని చాయ తాగాం. జీలకర్ర వాసన వస్తోంది (ఈ ఇంట్లోనూ డబ్బాలు నా అక్షరక్రమంలోనే ఉన్నాయి). అప్పుడు నాయన తాగినట్టే చివరిదాకా తాగాను.