జయమ్మ చేతి ఏటీపీ

ఆ జీవశాస్త్ర ల్యాబులో ఎవరి ప్రయోగం చెడినా మొదట తన చేతులనే అనుమానించడం జయమ్మకు అలవాటు. ఇరవై ఆరేళ్ల కిందట, పదో తరగతి చదువుతో, యలహంక నుంచి గాజుసామాను కడిగే పనికి వచ్చింది. చూస్తూ చూస్తూ ఈస్ట్ పెంచడం నేర్చింది, ద్రావణాలు కలపడం నేర్చింది. ఇప్పుడు అక్కడి పీహెచ్‌డీ పిల్లలందరూ వాడేది ఆమె కలిపినవే.

మొన్న వేసవిలో ఆ పిల్లల్లో ఒకతె, అక్షర చేసే ప్రయోగం మొండికేసింది. ఆ పిల్లది రాజమండ్రి. కణంలో తయారైన ప్రోటీన్ ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ అనే పొరల సంచిలోకి ఎలా దూరుతుందో చూడటం ఆమె పని. ఆ సంచి ద్వారం బహు ఇరుకు. ప్రోటీన్ ముందే ముడుచుకుపోతే అందులో పట్టదు. చాపెరోన్లు అనే తోడు ప్రోటీన్లు దాన్ని ముడుచుకోనివ్వకుండా పట్టుకుని, ద్వారం దగ్గర వదలాలి. లోపలున్న ఇంకో చాపెరోన్ దాన్ని వెనక్కి జారనివ్వకుండా లాక్కుంటుంది. ఈ పనికంతా శక్తినిచ్చేది ఏటీపీ అనే రసాయనం. అక్షర ఇవన్నీ చిన్న ట్యూబులో కలిపి చూస్తోంది. మూడు వారాలైనా ప్రోటీన్ బయటే ఉండిపోయింది.

"నేను తీసిన చాపెరోనే పాడైనట్టుంది అక్కా. పారేసి మళ్లీ మొదట్నించీ చేయాలి," అంది అక్షర, కాఫీ కూడా ముట్టకుండా.

"ఏమేం కలిపినావో వరసగా చెప్పు తల్లీ."

అక్షర చెప్పుకొచ్చింది. ఏటీపీ పేరు వినగానే జయమ్మకు ఒక సంగతి తట్టింది. ఆ దఫా ఏటీపీ కలిపిన రోజు, ద్రావణంలో ఆమ్లమెంతో చూపే పీహెచ్ మీటరు రిపేరుకు పోయి ఉంది. అది వచ్చాక క్షారం పోసి ఏటీపీలోని ఆమ్లం విరవొచ్చులే అని పక్కన పెట్టింది. తర్వాత విరిచిందా? ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు.

ఫ్రీజరులోంచి ఓ ట్యూబు తీసి, కరిగాక ఓ చుక్క పీహెచ్ కాగితం మీద వేసింది. కాగితం నారింజ రంగుకు తిరిగింది. ఆమ్లం అలాగే ఉంది. అంత ఆమ్లంలో ప్రోటీన్లు పని చేయవు.

పారబోసి కొత్తది పెట్టేస్తే ఎవరికీ తెలిసేది కాదు. జయమ్మ అక్షరను వెంటబెట్టుకుని నేరుగా ప్రొఫెసరు గదికి పోయింది.

"తప్పు నాది సార్. ఈ ఏటీపీలో ఆమ్లం ఉండాది. పిల్ల చాపెరోన్‌లో ఏ దోషమూ లేదనుకుంటా."

అక్షర ముఖం కందగడ్డ అయింది. "మూడు వారాలక్కా," అని మాత్రం అని బయటికెళ్లిపోయింది.

ఆ మాట జయమ్మను గుచ్చుతూనే ఉంది. అయినా కూర్చోలేదు. కొత్త ఏటీపీ కలిపి, మీటరు ఏడు చూపించేదాకా ఆమ్లం విరిచింది. పాతది వాడిన మరో ఇద్దరిని వెతికి పట్టుకుని మరీ చెప్పింది.

అక్షర కొత్త ఏటీపీతో ప్రయోగం మళ్లీ చేసింది. రెండు రోజులకు, ప్రోటీన్లను బరువును బట్టి గీతలుగా చూపే జెల్ బొమ్మ వచ్చింది. సంచిలోకి చేరిన ప్రోటీన్‌కు చక్కెరలు అంటుకుని బరువెక్కుతుంది. ఆ బరువైన గీత ఈసారి నల్లగా, స్పష్టంగా కనిపించింది. చాపెరోన్ వేయని వరసలో మసకగా ఉంది. అక్షర ఆ బొమ్మను ప్రొఫెసరు కంటే ముందు జయమ్మకు తెచ్చి చూపించింది.

"దూరిందక్కా."

"దూరకేం తల్లీ. నీ పనిలో లోపం లేదు."

"మీరు చెప్పకపోతే మంచి చాపెరోన్‌ని పారబోసేదాన్ని. ఏటీపీ కలపడం నాకూ నేర్పండి," అంది అక్షర.

జయమ్మ తన స్టూలు జరిపి చోటిచ్చింది.