అన్నయ్య పడుకున్న ట్రాలీ

మాది తీర్థాల బతుకు, జాతరల వెంట తిరగడమే. శివరాత్రి నుంచి వైశాఖం దాకా కోనసీమ ఊళ్లలోనూ, ఏటికి అవతల నరసాపురం వైపూ ఎక్కడ తీర్థం జరిగితే అక్కడికి మా రంగులరాట్నం వెళ్లేది. అన్నయ్య, వదిన, నేను, ముగ్గురమే. రాట్నం ముక్కలన్నీ పికప్ వ్యానులో సర్దుకునేవాళ్లం. వ్యాను వెనక ఒక ట్రాలీ, ఆ ట్రాలీ మీద రేకుల గది. మా ఇల్లు అదే. ఏటి మధ్య లంకలో మాకు ఇల్లుండేది. గట్టు కోసుకుపోయి అది గోదాట్లో కలిసిపోయాక మళ్లీ కట్టుకోలేదు. "చక్రాల మీద ఇల్లుంటే ఏ వరదొచ్చినా మనల్నేం చెయ్యలేదురా" అంటూ అన్నయ్యే ఆ గది కట్టాడు. వెల్డింగు దగ్గర నుంచి కిటికీ రెక్కల దాకా అన్నీ తన చేతి పనే.

మూడేళ్ల కిందట పాలకొల్లు దగ్గర ఒక తీర్థంలో రాట్నం మీదికెక్కి బల్బుల తీగ సరిచేస్తూ కాలు జారి పడ్డాడు. నడుం దగ్గర వెన్నెముక విరిగింది. రాజమండ్రిలో ఆపరేషన్ చేశారు. ఇక నడవలేడని, నడుం కింద స్పర్శ ఉండదని చెప్పి పంపించారు. వచ్చేటప్పుడు నర్సు వదినని పక్కకి పిలిచి, రెండు గంటలకోసారి పక్కకి తిప్పి పడుకోబెట్టమని మరీ మరీ చెప్పింది.

ఎక్కడికి తీసుకెళ్తాం? గదిలోకే తీసుకెళ్లాం. మంచం గదికి పొడుగునా వేసి, తల వ్యాను వైపు పెట్టి పడుకోబెట్టాం. వదిన పక్కన కూర్చుంది. రావులపాలెం దాకా వెళ్లాలి. ఊరు దాటకముందే గది ఎగిరెగిరి పడడం మొదలైంది. ఒక గోతిలో చక్రం దిగగానే వదిన వెళ్లి ఇనుప చట్రానికి కొట్టుకుంది. నుదురు చిట్లింది. అన్నయ్య కేకలు నాకు వ్యానులోకి వినిపించాయి. కాళ్లు తెలియకపోయినా, విరిగిన చోటికి పైన వీపంతా అతనికి నిప్పుల్లా ఉండేది. ఆపి వెళ్లి చూస్తే పళ్ల మధ్య తువ్వాలు కొరికి పట్టుకుని ఉన్నాడు.

"దీన్ని ముందు నీ పక్కన కూర్చోబెట్టుకోరా. తల పగిలితే నన్ను చూసేవాళ్లుండరు" అన్నాడు.

అప్పటి నుంచి వదిన వ్యానులో నా పక్కనే కూర్చునేది. అన్నయ్య దిండు పక్కన ఫోను, నా ముందు ఫోను, దారి పొడుగునా స్పీకరు. గొయ్యి వస్తే ముందే చెప్పేవాణ్ణి. "వస్తోంది అన్నయ్యా." అతను ఊపిరి బిగబట్టడం వినిపించేది. తర్వాత అరుపు. పావుగంటకోసారి ఆపేవాళ్లం. ఆపినప్పుడల్లా వదిన వెళ్లి పక్కకి తిప్పి, కాసేపు వీపు నిమిరి వచ్చేది.

ఆ కుదుపు తగ్గించడం తప్ప నాకు వేరే ఆలోచన ఉండేది కాదు. మంచం మీద నుంచే అన్నయ్య పని నేర్పాడు.

"నీళ్ల డ్రమ్ము, గ్యాసు బండ ఎక్కడ పెట్టావు?"

"వెనకే."

"అందుకే ట్రాలీ తోక ఆడిస్తోంది. ఇరుసు కంటే కాస్త ముందుకి జరుపు. టైర్లు రాయిలా ఉన్నాయి, ఈ బరువుకి అంత గాలెందుకురా? కొంచెం తియ్యి. ట్రాలీ తగిలించే కొక్కెం దగ్గర ఖాళీ ఉంది, బ్రేకు వేసినప్పుడల్లా దబ్బున గుద్దుతోంది. బుష్షు మార్పించు."

చెప్పినవన్నీ చేశాను. ఒక్కొక్కటి చేసినప్పుడల్లా కొంచెం తగ్గేది. అరుపు మూలుగయింది. మూలుగు దాకా వచ్చాం కదా, అదీ పోగొట్టాలనిపించింది.

రావులపాలెంలో ట్రాలీలు చేసే మేస్త్రి ఒకాయన ఉన్నాడు. ఆయన కింద పడుకుని చూసి, ఇరుసు మీద కుదుపు ఆపే కమాన్ కట్టలు ధాన్యం బస్తాలు మోసే రకమని, మనిషి పడుకునే గదికి అంత మొండివి పనికిరావని చెప్పాడు. మందంగా ఉన్నవి తీసేసి పల్చటివి వేశాడు. మా వ్యాను వెనక భాగం బరువుకి కుంగిపోయి ఊగుతోందని దాని కమాన్ కట్టకి ఒక పట్టీ అదనంగా వేశాడు. సాయంత్రానికి పనయింది. గదిని వ్యానుకి తగిలించి వెనక్కి వచ్చి చూశాను. వ్యాను లేచింది కనుక కొక్కెమూ లేచింది. గది ముందు వైపు కాస్త ఎత్తుగా, వెనక్కి వాలి ఉంది.

"ముందు ఎత్తయినట్టుంది కదండీ?" అన్నాను.

"రెండంగుళాలుంటుందండి. కొక్కెం కిందకి దించి వెల్డింగ్ చెయ్యాలి. రేపు పొద్దున్న రండి, చేసేద్దాం."

మర్నాటికి ద్రాక్షారామం దగ్గర రాట్నం నిలబెట్టాలి. "మళ్లీ వచ్చినప్పుడు చేయించుకుంటానండి" అన్నాను. రెండంగుళాలే కదా అనుకున్నాను.

ఆ ప్రయాణంలో స్పీకరులోంచి అరుపు రాలేదు. మూలుగూ రాలేదు. భయం వేసి, "అన్నయ్యా, ఉన్నావా?" అన్నాను.

"ఉన్నానురా. పడవలో పోతున్నట్టుంది" అన్నాడు.

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనైతే ప్రపంచాన్ని గెలిచినట్టే ఉన్నాను. ఆ సీజనంతా అలాగే తిరిగాం. ద్రాక్షారామం నుంచి నరసాపురం వైపు వెళ్లిన రోజు వంతెన మీద లారీ ఆగిపోయి, ఆగుతూ కదులుతూ ఎండలో ఐదు గంటలు పట్టింది. మధ్యలో రెండుసార్లు అడిగాను. "ఆపమంటావా?" "వద్దురా, పోనీ. హాయిగా ఉంది" అన్నాడు. అరిస్తే ఆపేవాళ్లం. అరవలేదు కనుక ఆపలేదు. ఆపలేదు కనుక ఎవరూ పక్కకి తిప్పలేదు.

వైశాఖంలో ఒక ఉదయం వదిన గదిలోంచి పిలిచింది. "మరిదిగారూ, ఒకసారి ఇలా రండి." అన్నయ్యని పక్కకి తిప్పి పట్టుకుని ఉంది. వెన్ను చివర అరచెయ్యంత మేర చర్మం నల్లబడిపోయింది. అంచుల్లోంచి నీరు కారుతోంది. వాసన వస్తోంది. "ఎర్రగా ఉంటే చెమటకాయలనుకున్నానండి. పౌడరు రాస్తున్నాను" అంది. అన్నయ్య అటువైపు తిరిగి, "ఏంటి? ఏముంది అక్కడ?" అని అడుగుతున్నాడు. అతనికి ఏమీ తెలియడం లేదు.

మళ్లీ రాజమండ్రి. వదిన మందులకి వెళ్లినప్పుడు డాక్టరుగారు నన్ను అడిగారు, మంచం తలవైపు ఎత్తుగా ఉండేదా అని. చెప్పాను. ఆయన రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి ఆనించి, పై చేతిని నెమ్మదిగా జరిపి చూపించారు. వాలులో పడుకున్న మనిషి కొంచెం కొంచెంగా కిందికి జారుతూ ఉంటాడని, పరుపుకి అంటుకున్న చర్మం జారదని, లోపల కండ నలిగి చచ్చిపోతుందని చెప్పారు. గంటల తరబడి తిప్పకపోవడం దానికి తోడైందన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

పుండు ఎముక దాకా వెళ్లింది. రెండుసార్లు కోసి శుభ్రం చేశారు. జ్వరం ఒకరోజు తగ్గేది, రెండు రోజులు పెరిగేది. ఒక మధ్యాహ్నం నేనొక్కణ్ణే పక్కన ఉన్నాను.

"హాయిగా ఉందన్నాను కదరా. అబద్ధం చెప్పలేదు. నాకు తెలిసినంత వరకూ హాయిగానే ఉంది" అన్నాడు.

గుడ్డ తడిపి అతని నుదుటి మీద వేశాను. మళ్లీ అన్నాడు. "తల ఎత్తుగా ఉండేదా అని డాక్టరుగారు నన్నూ అడిగారు. వ్యానుకి పట్టీ వేస్తే కొక్కెం లేస్తుంది. నాకు తట్టనే లేదు చూడు. నీకు తెలిసిందా?"

అబద్ధం చెప్పవచ్చు. చెప్పలేకపోయాను. "తెలిసింది. మేస్త్రిగారు మర్నాడు రమ్మన్నారు. నేను వెళ్లలేదు."

అన్నయ్య నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే ఆ చూపు ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో. పని చెడగొట్టిన పనివాణ్ణి చూసినట్టు చూశాడు. తర్వాత మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఆ తర్వాత నాతో మాట్లాడిన మాటలన్నీ మంచినీళ్ల గురించీ, ఫ్యాను గురించీ.

ఆషాఢంలో, ముసురు పట్టిన రోజుల్లో పోయాడు. కొవ్వూరులో గోష్పాద రేవులో కర్మ చేశాను. రాట్నం, గది రెండూ అమ్మేశాం. నేనిప్పుడు ఒక చేపల వ్యాపారి దగ్గర వ్యాను నడుపుతున్నాను. వెనక ట్రాలీ తగిలించే పని ఉంటే వేరేవాళ్లని పంపమని చెబుతాను. ఎందుకని ఆయన అడగడు.

తెలిసినవాళ్లంతా నేను అన్నయ్యకి చేసినట్టు ఏ తమ్ముడూ చెయ్యడంటారు. వదిన అయితే అందరి ముందూ అంటుంది. ఆవిడ నరసాపురంలో వాళ్లక్క దగ్గర ఉంటూ లేసు అల్లుతోంది. డాక్టరుగారు ఏం చెప్పారో, అన్నయ్య నన్ను ఏం అడిగాడో ఆవిడకి తెలియదు. పౌడరు రాసి తనే చంపుకున్నానని ఇప్పటికీ అనుకుంటోంది. కొక్కెం సంగతి చెప్పేద్దామని రెండుసార్లు నరసాపురం వెళ్లాను. రెండుసార్లూ చేపల పులుసు వండి అన్నం పెట్టింది. తిని, చెయ్యి కడుక్కుని వచ్చేశాను.