కోటీ పదిహేడుతో పెళ్ళిచూపులు

ఒక్క సంఖ్య నా పెళ్ళిని పెటాకులు చేయబోయింది. వినండి, మీ పరువైనా నిలబడుతుంది. నాది ఎలాగూ పోయింది.

అవి వై టూ కే రోజులు, రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఆగిపోతాయని అందరూ హడలిపోయిన కాలం. కోబాల్ అనే కంప్యూటర్ భాష వస్తే చాలు, విమానం ఎక్కించి తీసుకుపోయేవారు. నన్నూ అలాగే సిడ్నీకి తెచ్చారు. ఆఫీసులో కస్టమర్ల రికార్డులు సర్దే ప్రోగ్రాముకి కోటి దాటిన ప్రైమ్ నంబరొకటి కావాలి. అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ నిశ్శేషంగా భాగం పోనిది. మా మేనేజరు కోటీ పందొమ్మిది ఇచ్చాడు. అంకెలు కూడితే పదకొండు, మళ్ళీ కూడితే రెండు. ఛ, రెండేమిటండీ! మా ఇంట్లో స్కూటర్ నంబరు దగ్గర్నుంచీ అన్నీ తొమ్మిదే. ఎవరికీ చెప్పకుండా దాన్ని కోటీ పదిహేడు చేసేశాను. చివర్న ఏడుంది కదా, చూడ్డానికి నిక్షేపంలాంటి ప్రైమ్‌లాగే ఉంది.

ఆ ఆదివారమే సిడ్నీలోని గిరావీన్ పేటలో పెళ్ళిచూపులు. అమ్మాయి పేరు వసుధ, యూనివర్సిటీలో మ్యాథ్స్ చదువుతోంది. తలుపు తీసిన క్షణమే నచ్చేసింది. ఈ సంబంధం తప్పిపోతే నేనేమైపోవాలి అనిపించింది, నిజం.

"ఆఫీసులో ఏం చేస్తుంటారు బాబూ?" అన్నారు వాళ్ళ నాన్నగారు.

"పెద్ద పెద్ద ప్రైమ్ నంబర్లతో పని అంకుల్," అన్నాను, కాలు మీద కాలేసుకుని. "నేను ఎంచుకున్నది కోటీ పదిహేడు. అంకెలు కూడి చూడండి, తొమ్మిది!"

"అబ్బో! దివ్యమైన నంబరు!"

కాఫీ అందిస్తున్న వసుధ చెయ్యి ఆగిపోయింది. "కూడితే తొమ్మిదొచ్చిందా?"

"అక్షరాలా!"

"అయితే అది తొమ్మిదితో భాగం పోతుందండీ. చిన్న క్లాసులో చెప్తారుగా?"

ఇంజనీరింగ్ చదివానండీ నేను! "అబ్బే, పోదు," అన్నాను మొండిగా. అంకుల్ కాలిక్యులేటర్ తెచ్చి నొక్కారు. పదకొండు లక్షల పదకొండు వేల నూట పదమూడు. శేషం లేదు.

"మళ్ళీ తొమ్మిదితో భాగించండి నాన్నా," అంది వసుధ.

మళ్ళీ పోయింది! అంకుల్ కళ్ళజోడు సర్దుకుని, కాలిక్యులేటర్‌లో వచ్చిన అంకెలు చదువుతూ, "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఏడు... ఆరేదీ బాబూ?" అన్నారు, అదేదో నేను మింగేసినట్టు.

కాలు మీద కాలు దించేశాను. "సారీ అంకుల్. మేనేజరు ఇచ్చింది కోటీ పందొమ్మిది. కూడితే రెండొస్తోందని మార్చేశాను."

"అయ్యయ్యో!" వసుధ నోరు తెరిచేసింది. "కోటి దాటాక వచ్చే మొట్టమొదటి ప్రైమ్ అదే కదండీ! దాన్ని తీసేశారా?"

"రేపు ఆఫీసుకెళ్ళగానే పెట్టేస్తానండీ!"

నేను బూట్లెక్కడ విప్పానా అని కూర్చున్నచోటి నుంచే వెతుక్కుంటున్నాను.

"ఏమ్మా, ఏమంటావు?" అన్నారు అంకుల్ చివరికి.

"తప్పు ఒప్పేసుకున్నారుగా, నచ్చారు నాన్నా," అంది. నేను కుర్చీలోంచి జారిపోయినంత పనైంది. "కానీ ముహూర్తం మాత్రం ఈయన్ని పెట్టనివ్వకండి."

అంచేత మహాజనులారా, ఇకమీదట ఏ సంఖ్య ఎదురైనా దాని అంకెలు కూడనని, చెయ్యి ఊరుకోక కూడినా అత్తవారింట్లో నోరు విప్పనని ధర్మపత్ని సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.